గైడు సంతకం

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి పిహెచ్.డి. దాకా వచ్చిన పిల్లల్ని టాపిక్ ఏంటని ఎవరూ ముందు అడగరు. 'గైడెవరు?' అంటారు. మేం దీన్ని మామూలు ప్రశ్నగా తీసుకోలేం.

జపాన్‌లో చదివితే ఈ బెడద ఉండదనేవాళ్ళున్నారు. జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు ఎంబసీ ద్వారా వెళ్తే, మొదటి వడపోత దాటాక అక్కడి యూనివర్సిటీ నుంచి అంగీకార పత్రం తెచ్చుకోవాలి. అంటే అక్కడో ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. ఆయనకు మన కులం తెలీకపోవచ్చు. కానీ సిఫారసు ఉత్తరం రాసేది ఇక్కడి అయ్యవారే గదా! (జపాన్‌లో అంటరానితనమే లేదనుకునేవాళ్ళు బురాకుమిన్ల చరిత్ర చదవాలి.)

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మరో దారి. 125లో 115 ఎస్సీలవి. 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద చేసే పరిశోధనకు ఇవ్వబోమని నిబంధన పెట్టారు. 1985 కారంచేడు మీద, 1991 చుండూరు మీద మనోళ్ళు బయటి దేశంలో కూర్చుని రాస్తామంటే ఆ డబ్బు రాదన్నమాట. గైడు కాదనకముందే సర్కారే కాదనేసింది.

లండన్‌లో అంబేడ్కర్ గైడు ఎడ్విన్ కానన్. శిష్యుడి వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. 1923లో 'ది ప్రాబ్లం ఆఫ్ ది రూపీ' అచ్చయినప్పుడు ముందుమాటలో ఆ సంగతే రాశాడు. అయినా ముందుమాట రాశాడు! తెల్లదొర మంచితనాన్ని పొగడ్డం మా పని కాదు. అక్కడ విభేదం అచ్చులో ఉంది, ఎవరైనా చదివి ఎదురు రాయొచ్చు. మన డిపార్టుమెంట్లలో విభేదం కాగితమెక్కదు. బల్లమీద నెలలు నెలలు పడున్న చాప్టరుగా, 'రేపు రావయ్యా'గా, వాయిదాపడ్డ వైవాగా ఉంటుంది. దానికి జవాబు ఎక్కడ రాయాలి?

అసలు గైడే దక్కని వాళ్ళ మాటేంటి? 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఫిజిక్స్ విద్యార్థి సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకునేనాటికి అతనికి గైడు లేడు. దాన్ని వ్యక్తిగత నిరాశ అనడం మాకు సమ్మతం కాదు. కేటాయించకపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ సంతకం ఉండాలి.

'ఖాళీల్లేవు' అనడం తేలిక. 2022 యుజిసి నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు ఉండొచ్చు. ఆ ఖాళీలు ఎవరితో నిండాయి? మాకు దయ వద్దు, లెక్క కావాలి. అడ్మిషన్‌కీ గైడు కేటాయింపుకీ మధ్య ఎవరికెన్ని రోజులు పట్టింది, ఎందరు గైడును మార్చుకున్నారు, ఎందరు మధ్యలో మానేశారు - కేటగిరీల వారీగా ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలి. మన పిల్లలు ఎక్కువగా వెళ్ళే నాగార్జున యూనివర్సిటీలోనే ముందు అడుగుదాం.