నడుస్తున్న బాయికి ఛార్జి తీసుకోవడం

మా కొత్తగూడెంలో సత్య నాదెళ్ల పేరు ఎక్కువగా వినిపించేది రెండు చోట్ల. ఒకటి ఇంటర్ కాలేజీల అడ్మిషన్ల సీజన్లో, రెండోది అమెరికా సంబంధాల ముచ్చట్లలో. రెండు చోట్లా మాట జీతం మీదికే పోతుంది. ఆయన అసలు చేసిన పనేంటని అడిగినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. సింగరేణి భూగర్భ గనుల్లో ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన నాకు మాత్రం ఆసక్తి ఆ పని మీదే. నాదెళ్ల కంపెనీ పెట్టలేదు. బిల్ గేట్స్ పెట్టి, స్టీవ్ బామర్ నడిపించిన మైక్రోసాఫ్ట్‌కు 2014 ఫిబ్రవరి 4న మూడో సీఈవోగా ఛార్జి తీసుకున్నారు. నడుస్తున్న పనిని మధ్యలో అందుకోవడం బాయి (గనిని మేం అలాగే అంటాం) దిగినవాళ్లకు పూటపూటా ఉండేదే. అందులో ఎంత నేర్పు కావాలో మాకు తెలుసు.

షిఫ్టు మారేటప్పుడు దిగిపోయే సర్దార్, అంటే లోపల ఒక జాగాకు బాధ్యుడైన మేస్త్రి, రిపోర్టు బుక్కు రాస్తాడు. ఎక్కడ రూఫు బాగాలేదు, గ్యాసు పరీక్షలో ఏం తేలింది, ఏ పని సగంలో ఆగింది, అన్నీ అందులో ఉండాలి. వచ్చే సర్దార్ చదివి సంతకం పెడతాడు. పెట్టాడంటే ఇక ఆ జాగా అతనిదే, ‘నాకెవరూ చెప్పలేదు’ అంటే కుదరదు. అయినా పుస్తకాన్ని నమ్మి మనుషుల్ని లోపలికి తోలడు. ముందు తానే పోయి కర్రతో రూఫు కొట్టి చూస్తాడు. గట్టి రూఫు కంగుమని మోగుతుంది. పొర విడిచిన రూఫు డొల్లగా పలుకుతుంది. రెండో చెయ్యి రూఫుకు ఆనించి పెడితే చెవికి అందని అదురు వేళ్లకు తెలుస్తుంది. డొల్లగా పలికిన రాయిని దించెయ్యాలి, లేదంటే బోల్టు వెయ్యాలి. రెండూ కుదరకపోతే అడ్డం కట్టి ఎవరినీ అటు పోనివ్వకూడదు. కొత్తగా వచ్చిన కుర్ర సర్దార్లకు ఈ ఓపిక ఉండదు. వచ్చీరాగానే తమ ముద్ర కనపడాలని ఉంటుంది. పెద్దవాళ్లు వాళ్లకు చెప్పేది ఒక్కటే: “ముందు రూఫు చెప్పేది వినరా నాయనా, తర్వాత నువ్వు చెబుదువు గాని.”

నాదెళ్ల చేతికొచ్చిన మైక్రోసాఫ్ట్ పైకి బ్రహ్మాండంగానే ఉంది. విండోస్, ఆఫీస్ కాసులు కురిపిస్తున్నాయి. డొల్ల ఫోన్ల దగ్గర ఉంది. ఆ మార్కెట్టును యాపిల్, గూగుల్ పంచేసుకున్నాక, 2013లో బామర్ నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొనడానికి ఒప్పందం చేసుకున్నారు. అది వద్దన్నవాళ్లలో తానూ ఉన్నానని నాదెళ్ల తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో రాసుకున్నారు. తీరా ఆ కొనుగోలు పూర్తయింది 2014 ఏప్రిల్‌లో, ఆయన కుర్చీ ఎక్కిన రెండు నెలలకు. వద్దన్న సరుకే ఆయన ఖాతాలో పడింది. 2015 జులైలో 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసి ఆ దారికి అడ్డం కట్టారు.

మూసినవాటితో పాటు తెరిచినవీ ఉన్నాయి. వచ్చిన రెండు నెలల్లోపే ఐప్యాడ్‌కు ఆఫీస్ విడుదల చేశారు. బామర్ 2001లో క్యాన్సర్‌తో పోల్చిన పోటీ ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మాకిష్టమేనని 2014లోనే వేదికెక్కి చెప్పారు. 2015లో ఒక సభలో జేబులోంచి ఐఫోన్ తీసి, అందులో తమ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో అందరికీ చూపించారు. పోటీ కంపెనీ ఫోను పట్టుకున్న మైక్రోసాఫ్ట్ సీఈవోను చూసి సభలో నవ్వులు. తన ఫోను ఓడిపోయిందని ఒప్పుకుంటేనే తన సాఫ్ట్‌వేర్ అందరి ఫోన్లలోకీ వెళ్తుందన్న లెక్క ఆయనది. ఆయన వచ్చేనాటికి సుమారు 30 వేల కోట్ల డాలర్లున్న కంపెనీ విలువ 2024 జనవరిలో 3 లక్షల కోట్ల డాలర్లు దాటింది.

వినడం ఆయనకు సీఈవో అయ్యాక పట్టుబడింది కాదు. 2011లో సర్వర్ల విభాగం అప్పగించినప్పుడు అక్కడివాళ్లకు క్లౌడ్ అంటే పెద్దగా గిట్టేది కాదు. చేతిలో లాభసాటి వ్యాపారం ఉండగా ఇంకా గిట్టుబాటు కాని దాని వెంట ఎందుకు పడాలన్నది వాళ్ల మాట. ఆయన ఆర్డర్లు వెయ్యకుండా పెద్దల్ని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని చెప్పించుకున్నారు. తర్వాతే క్లౌడ్ వైపు తిప్పారు. ఇవాళ కంపెనీని మోస్తున్నవాటిలో అజూర్ అనే ఆ క్లౌడ్ ముందుంది.

ఈ విద్య ఎక్కడబ్బింది? వాళ్ల నాన్న బి.ఎన్. యుగంధర్ 1962 బ్యాచ్ ఐఏఎస్. ముస్సోరీ అకాడమీకి డైరెక్టరుగా చేశారు, తర్వాత ప్రణాళికా సంఘం సభ్యుడయ్యారు. బదిలీ అయిన ప్రతి చోటా ఇంకొకరు నడిపిన ఆఫీసును అందుకోవడమే ఐఏఎస్ బతుకు. ఆ ఇంటి పిల్లవాడికి ఛార్జి తీసుకోవడం కొత్త సంగతేమీ కాదు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడేటప్పటి ముచ్చట కూడా ఆయన చెబుతారు. ఒక మ్యాచ్‌లో తన బౌలింగ్ తేలిపోతుంటే కెప్టెన్ తానే బంతి తీసుకుని వికెట్ పడగొట్టాడట. ఆ వెంటనే బంతిని మళ్లీ ఈయన చేతికే ఇచ్చాడట. కుర్రాడి ధైర్యం చెదిరిపోకూడదని.

మన పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇంకోటుంది. ఆయనకు ఐఐటీ రాలేదు. మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1988లో అమెరికా వెళ్లారు. మిల్వాకీలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్, సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉద్యోగం, 1992లో మైక్రోసాఫ్ట్. గ్రీన్ కార్డు చేతిలో ఉంది, పెళ్లీ అయింది. చిక్కల్లా అక్కడే. గ్రీన్ కార్డున్నవాడి భార్యకు వీసా రావాలంటే ఏళ్లు ఆగాలి. తాత్కాలిక హెచ్1బీ వీసా మీద ఉన్నవాడు మాత్రం భార్యను వెంట తీసుకెళ్లొచ్చు. 1994లో నాదెళ్ల ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి వెళ్లి, నా గ్రీన్ కార్డు వెనక్కి తీసుకోండని అప్పగించేశారు. ఎవరైనా పోగొట్టుకోకుండా దాచుకునే కాగితాన్ని తిరిగిచ్చిన మనిషిగా ఆఫీసులో పేరు పడింది. కార్డు కోసం కాపురాన్ని ఆపుకోలేదు. మన ఇళ్లలో ఈ కథ చెప్పుకోవడానికి ఇదే సమయం. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. ఎడ్యుకేషన్ లోను తీసుకుని పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు మా వీధిలోనూ ఉన్నారు. వాళ్ల నిద్ర ఎలా ఉందో నేను చూస్తున్నాను.

ఇంతవరకు మెచ్చుకున్నాను కాబట్టి మిగతాదీ చెప్పాలి. 2014 అక్టోబరులో మహిళా ఇంజనీర్ల సభలో, ఆడవాళ్లు జీతం పెంచమని అడగక్కర్లేదు, వ్యవస్థను నమ్ముకుంటే అదే వస్తుందన్నట్టు మాట్లాడారు. విమర్శలు చెలరేగాయి. అదే రోజు ఉద్యోగులందరికీ మెయిల్ పెట్టి, నా జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నారు. మాట జారితే సర్దుకోవచ్చు. మనుషుల్ని పంపించేస్తే సర్దుకోలేం. సీఈవో అయిన తొలి ఏడాదే 18 వేల ఉద్యోగాలకు కోత ప్రకటించారు. అందులో ఎక్కువ నోకియా నుంచి వచ్చినవాళ్లవే. అది మునిగే వ్యాపారం, అర్థం చేసుకోవచ్చు. 2025 సంగతి వేరు. మే, జులై నెలల్లో కలిపి దాదాపు 15 వేల మందిని తీసేశారు. ఆ ఆర్థిక సంవత్సరం కంపెనీ నికర లాభం 10 వేల కోట్ల డాలర్ల పైమాట. సానుభూతే నాయకుడి అసలు పనిముట్టని పుస్తకం రాసిన మనిషి హయాంలో ఇది జరిగింది.

సింగరేణిలోనూ మనుషులు తగ్గారు. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇవాళ 40 వేల దగ్గరున్నారు. నష్టాల్లో కూరుకుపోయి కంపెనీ రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్‌ఆర్ దాకా పోయింది. గోల్డెన్ షేక్‌హ్యాండ్‌లు చూశాం, వారసత్వ ఉద్యోగాలు ఆగిపోతే ఇళ్లల్లో ఏడుపులు చూశాం. అయితే మా దగ్గర ఒక పద్ధతుంది. ఒక ప్యానెల్, అంటే బాయిలో బొగ్గు తీసే ఒక భాగం, మూస్తే అందులోని మనుషుల్ని ఇంకో ప్యానెల్‌కో, ఇంకో బాయికో పంపుతారు. బొగ్గు అయిపోయింది గాని మనిషి అయిపోలేదన్నది దాని అర్థం. లాభాలొస్తే కార్మికుడికి వాటా ఇస్తారు. 2022-23లో 2,222 కోట్ల లాభంలో 32 శాతం, 711 కోట్లు, దసరా ముందు కార్మికులకు పంచారు. ఇది ఊరికే వచ్చింది కాదు, సంఘాలు పోరాడితే వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్‌లో కోడు రాసే మన పిల్లవాడికి ఏ సంఘమూ లేదు. ఒక ఉదయం మెయిల్ వస్తుంది, బ్యాడ్జి పనిచెయ్యదు. వీసా మీదున్నవాడైతే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి.

అందుకే నా తీర్పు రెండు ముక్కలు. డొల్ల ఎక్కడుందో విని, అడ్డం కట్టి, కొత్త దారి తెరవడంలో నాదెళ్లను మించినవాళ్లు ఈ తరంలో తక్కువ. అడ్డం కట్టిన చోటి మనుషుల్ని ఏం చేశావన్న ప్రశ్నకు మాత్రం ఆయన కంపెనీ దగ్గర మంచి జవాబు లేదు. గ్రీన్ కార్డు వదిలేసి భార్యను తెచ్చుకున్న మనిషి నుంచి ఆ జవాబు ఆశించడం అత్యాశేమీ కాదు.

మీలో ఎవరైనా ఈ మధ్య ఏదో ఒక బాధ్యత అందుకుని ఉంటారు. బడి హెడ్మాస్టరో, బ్యాంకు మేనేజరో, సంఘం కార్యదర్శో. మీకు ముందున్నవాళ్లతో ఒకసారి కూర్చోండి. వాళ్లు రాసిపెట్టింది చదవండి, చదివాక కూడా స్వయంగా వెళ్లి చూడండి. ఏదైనా మూయాల్సి వస్తే మూయండి. కానీ ఆ కాగితం మీద సంతకం చేసే ముందు, అక్కడ పనిచేసేవాళ్లు రేపు ఎక్కడికి పోతారో పక్కన రాసుకోండి. ఆ గడి ఖాళీగా ఉన్నంతవరకు సంతకం పెట్టకండి.