పీడనం, ఒత్తిడి, పోటు: సాంకేతిక శిక్షణార్థుల కోసం రాసిన తెలుగు భౌతికశాస్త్ర వచనం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం

పదార్థ ధర్మాలు, ప్రవాహులు, పీడనం అనే అంశాలు ఐ.టి.ఐ.లలో ఫిట్టర్, డీజిల్ మెకానిక్, శీతలీకరణ వంటి వృత్తులు నేర్చుకునే శిక్షణార్థులకు తప్పనిసరి పాఠ్యాంశాలు. వీటిని తెలుగులో చెప్పడంలోని కష్టమంతా సంస్కృత పరిభాష వల్లనే వస్తుందన్న అభిప్రాయం ప్రబలంగా ఉంది. పదం కంటే వాక్యమే, అందులోనూ కర్తృపదం, క్రియాపదం, క్రియావిశేషణాల ఎంపికే ఎక్కువ చిక్కులు తెస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరిభాష, పీడనం, ప్రవాహి, స్నిగ్ధత, వృత్తిపదాలు, శాస్త్రవచనం.

ఉపోద్ఘాతం

తెలుగులో శాస్త్రవచనానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రలు, నవలలతో పాటు శాస్త్రగ్రంథాలను కూడా ప్రకటించింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు విరివిగా వెలువడ్డాయి. ఈ కాలమంతటా సాగిన చర్చ ప్రధానంగా పదాల చుట్టూ తిరిగింది. సంస్కృత సమాసం మేలా, ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో ఉంచడం మేలా, వాడుకలోని మాటను ఎత్తుకోవడం మేలా అన్నదే ప్రశ్న. ఎంచుకున్న పదం ఏ వాక్యంలో కూర్చుంటుంది, ఆ వాక్యం చదివినవాడి మనసులో ఏ బొమ్మ కడుతుంది అన్న ప్రశ్నకు దక్కిన చోటు తక్కువ. తెలుగు శాఖలు కవిత్వవాక్యానికీ కథావాక్యానికీ చూపిన శ్రద్ధలో కొంతభాగమైనా పాఠ్యపుస్తక వాక్యానికి చూపలేదు. సాంకేతిక శిక్షణార్థి విషయంలో ఈ లోపం పరీక్ష మార్కులతో ఆగదు. అతడు రేపు కంప్రెసర్ దగ్గర నిలబడతాడు.

ఒక్క రాశి, అనేక నామాలు

భౌతికశాస్త్రంలో పీడనం ఒక్కటే రాశి. తెలుగు జీవితంలో దానికి చోటు మారినప్పుడల్లా పేరు మారుతుంది. వాతావరణ వార్తల్లో అది పీడనం. వైద్యంలో పోటు. గాలి కొట్టే దుకాణంలో, వంటింట్లో ప్రెషర్. సాధారణ వ్యవహారంలో ఒత్తిడి.

పీడనం అనే మాటకు సంస్కృత ధాతువులో నొక్కడం, పిండడం అనే అర్థాలున్నాయి. వివాహానికి పాణిపీడనమనే పర్యాయపదం ఏర్పడింది చేయి పట్టడమనే అర్థంతోనే. అందులో పీడ ఏమీ లేదు, కనీసం వ్యుత్పత్తి ప్రకారం. తెలుగు వ్యవహారంలో నొక్కడమనే అర్థం వెనుకబడి, బాధించడమనే అర్థం నిలిచింది. పీడ, పీడించు, పీడితుడు అనే మాటలతో పెరిగిన విద్యార్థికి పీడనమంటే ఒకరు మరొకరికి చేసే అపకారంగా తోస్తుంది కానీ కొలవదగిన రాశిగా తోచదు.

వార్తల భాష మరో చిక్కు తెచ్చింది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడుతుంది, కదులుతుంది, బలపడుతుంది. అంటే అల్పపీడనం ఒక రాశి స్థితిగా కాక, ఒక వస్తువుగా, దాదాపు ఒక ప్రాణిగా వాక్యంలో కర్త అయింది. అల్పపీడనం బలపడిందంటే అక్కడి పీడనం ఇంకా తగ్గిందని అర్థం. వాతావరణ శాస్త్రజ్ఞుడికి ఇందులో వైరుధ్యం కనిపించదు. పీడనమంటే బలానికి సంబంధించినదని నిన్ననే తరగతిలో విన్న కుర్రవాడికి మాత్రం ఆ రాత్రి వార్త ఎదురు చెబుతుంది.

రక్తపోటు పరిస్థితీ ఇలాంటిదే. ఆటుపోట్లలోని పోటు ఉప్పొంగడం. తలపోటులోని పోటు నొప్పి. ఈ రెండు ఛాయలనూ మోస్తున్న రక్తపోటు రాశి పేరుగా నిలవలేక వ్యాధి పేరుగా మారిపోయింది. ‘ఆయనకు రక్తపోటు ఉంది’ అన్న వాక్యం అందుకు నిదర్శనం. ప్రాణమున్న ప్రతి మనిషికీ రక్తపోటు ఉంటుంది.

ఇన్ని పేర్లున్నందువల్ల భాష పేదదైపోదు. పాఠ్యపుస్తకం ఈ పేర్లను ఒకచోటికి తెచ్చి, ఇవన్నీ ఒకే రాశికి వేర్వేరు రంగాల్లోని పేర్లని ఒక్క పేరాలో చెప్పకపోవడమే లోపం. నిర్వచనం ఏకాంక వైశాల్యం, లంబదిశ, బలం అనే మూడు మాటలతో మొదలై అక్కడే ముగుస్తుంది. శిక్షణార్థికి అప్పటికే తెలిసిన నాలుగు మాటలు గుమ్మం బయటే నిలిచిపోతాయి.

కర్త ఎవరు?

‘మోటారు బావిలోని నీళ్లను పీలుస్తుంది’ అనేది వ్యవహారంలో స్థిరపడిన వాక్యం. ఇందులో కర్త మోటారు. భౌతికశాస్త్రం ప్రకారం ఈ కర్తృత్వం చెల్లదు. మోటారు చేసే పని గొట్టంలో పీడనాన్ని తగ్గించడమే. నీటిని పైకి తోసేది బావిలోని నీటి ఉపరితలంపై నొక్కుతున్న వాతావరణం. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం సుమారు 1,01,325 పాస్కల్‌లు. అది 760 మిల్లీమీటర్ల పాదరసాన్ని, లేదా సుమారు 10.3 మీటర్ల నీటిని మాత్రమే నిలపగలదు. కాబట్టి పైన కూర్చున్న పంపు ఎంత శక్తిమంతమైనదైనా అంతకన్నా లోతునుంచి నీటిని పైకి రప్పించలేదు. ఆచరణలో ఈ హద్దు ఏడెనిమిది మీటర్లకే వస్తుంది.

బావుల్లో నీరు అడుగంటినకొద్దీ మోటారును లోపలి అరుగుమీదికి దింపుకొన్న రైతులకు ఈ హద్దు అనుభవంలో తెలుసు. బోరుబావిలో మోటారును నీటిలోనే ముంచి, నీటిని కిందినుంచి తోయవలసి రావడానికీ కారణమిదే. అనుభవం సరిగ్గానే ఉంది. ‘పీల్చు’ అనే క్రియ దాన్ని దాచేసింది. ఆ క్రియ నిజమైతే, బలంగా పీలిస్తే ఎంత లోతునుంచైనా నీరు రావాలి.

ఈ అపోహను తొలగించవలసిన పాఠ్యవచనం చేసేదేమిటి? వాతావరణ పీడనం చేత నీరు పైకి నెట్టబడును అనే పద్ధతిలో కర్మణి వాక్యం రాస్తుంది. సమాచారంలో తప్పు లేదు. కానీ చేసేదాన్ని తృతీయా విభక్తిలోకి నెట్టి, నీటిని ప్రథమలో నిలిపిన ఈ వాక్యం, వ్యవహారంలోని ‘పీల్చు’ను ఎదుర్కొనేంత బలమైనది కాదు. ‘బావినీటిని గాలి నొక్కుతుంది, గొట్టంలో నొక్కే గాలి తగ్గింది కాబట్టి నీరు అటు ఎక్కుతుంది’ అనే వాక్యంలో పారిభాషిక పదం ఒక్కటీ లేదు. అయినా శాస్త్రం పూర్తిగా ఉంది. గాలిని కర్తగా నిలిపితే చాలు, ఫుట్‌వాల్వ్ ఎందుకో, మోటారు వేసేముందు నీళ్లు పోసి గాలి ఎందుకు తీయాలో శిక్షణార్థి తనంతట తానే చెప్పగలుగుతాడు.

‘సమానంగా’ అనే క్రియావిశేషణం

ద్రవాల పాఠంలో కీలకమైనది పాస్కల్ నియమం. హైడ్రాలిక్ జాకీ, బ్రేకు, ప్రెస్సు అన్నీ దీనిమీదే నడుస్తాయి. తెలుగు వచనం ఈ నియమాన్ని చెప్పేటప్పుడు దాదాపు ఎప్పుడూ రెండు మాటలు వాడుతుంది: అన్ని దిశలకు ‘సమానంగా’, ‘ప్రసారమగును’.

ప్రసారం ఆకాశవాణి మాట. దాన్ని అటుంచవచ్చు. అసలు ఇబ్బంది ‘సమానంగా’ దగ్గర ఉంది. తెలుగులో సమానంగా అనే మాటకు అతి సహజమైన తోడు పంచడం. ఆస్తి సమానంగా పంచుతారు, ప్రసాదం సమానంగా పంచుతారు. అన్ని దిశలకూ సమానంగా అనగానే ఉన్నదాన్ని భాగాలు చేసి తలా కొంత ఇచ్చినట్టు స్ఫురిస్తుంది. నియమం చెప్పేది దీనికి పూర్తిగా విరుద్ధం. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట పీడనం ఎంత పెరిగితే, ద్రవమంతటా, పాత్ర గోడలపై సహా, అంతే పెరుగుతుంది. ఎవరి వాటా తగ్గదు. అసలు వాటాలే లేవు.

చిన్న ముషలకం వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు, దానిపై బలం 100 న్యూటన్‌లు అనుకుంటే, ద్రవంలో పీడనం చదరపు సెంటీమీటరుకు 50 న్యూటన్‌లు పెరుగుతుంది. పెద్ద ముషలకం వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లయితే దానిపై బలం 5,000 న్యూటన్‌లు. ‘పంచడం’ అనే బొమ్మతో ఆలోచించేవాడికి ఈ 5,000 ఎక్కడినుంచి వచ్చిందో అంతుపట్టదు. సూత్రం బట్టీపట్టి లెక్క చేస్తాడు, కానీ నమ్మడు. చిన్న ముషలకం 50 సెంటీమీటర్లు దిగితే పెద్దది ఒక్క సెంటీమీటరే లేస్తుందన్న రెండో సగం కూడా చెప్పినప్పుడే ఆ అపనమ్మకం తీరుతుంది. ఈ సగాన్ని సూత్రం తరువాత చిన్న గమనికగా వదిలేయడం సరికాదు.

‘సమానంగా’ స్థానంలో ‘తగ్గకుండా’ అనే మాట వస్తే ఈ చిక్కులో పెద్దపాలు తీరుతుంది. ముషలకం విషయంలోనూ ఒక మాట చెప్పాలి. వసంతోత్సవ వర్ణనల ద్వారా సాహిత్య విద్యార్థులందరికీ పరిచయమైన చిమ్మనగ్రోవి, ముషలకమూ స్తూపమూ కలిసిన పరికరమే. కమ్మరి కొలిమితిత్తి కవాటమున్న గాలిపంపు. నొక్కితే గాలి ఎటు పోతుందో, తెరిస్తే ఎటునుంచి వస్తుందో చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ అరుదు. పాఠ్యవచనం వీటిని దాటి వెళ్లిపోతుంది.

పనిశాల భాష ఈ విషయంలో మెరుగు. బ్రేకు గొట్టంలో గాలిబుడగలు చేరితే మెకానిక్ ‘గాలి పట్టింది, పెడల్ మెత్తగా పోతోంది’ అంటాడు. ద్రవం దాదాపు అసంపీడ్యమనీ, వాయువు సంపీడ్యమనీ, తొక్కిన తొక్కుడు బుడగను కుదించడానికే ఖర్చవుతున్నదనీ పుస్తకం రెండు వాక్యాల్లో చెప్పేది ఆ ‘మెత్తగా’లో ఉంది.

వాడుక మాట చాలని చోటు

పై పరిశీలననుంచి వాడుక మాటే అన్నిటికీ మందు అన్న తీర్మానానికి వస్తే తొందరపాటవుతుంది. చిక్కదనం అనే మాట ఇందుకు సాక్ష్యం. చిక్కటి పాలు, చిక్కటి చారు, చిక్కటి ఆయిల్ అన్నప్పుడు ఈ ఒక్క మాటే సాంద్రతనూ స్నిగ్ధతనూ కూడా సూచిస్తుంది. ఆముదం నీటికన్నా చిక్కనిది. అయినా నీటిమీద తేలుతుంది. దాని సాంద్రత నీటికన్నా కొద్దిగా తక్కువ, స్నిగ్ధత వందల రెట్లు ఎక్కువ. చిక్కదనం అనే మాటతో ఈ వాక్యాన్ని రాయడమే సాధ్యం కాదు. ఇక్కడ పరిభాష విలాసం కాదు, అవసరం. ఇంజన్ ఆయిల్ డబ్బా మీది అంకె సాంద్రతను కాక స్నిగ్ధతను సూచిస్తుందని తెలియనివాడు తప్పు ఆయిల్ పోస్తాడు.

అయితే స్నిగ్ధత కూడా నిర్దుష్టమేమీ కాదు. కావ్యాల్లో స్నిగ్ధమంటే నునుపు, స్నేహం. శాస్త్రంలో అది పొరకూ పొరకూ మధ్య జరిగే నిరోధం. స్నేహం నిరోధమైన ఈ తిరకాసును జిగట అనే దేశ్యపదం తప్పించగలదు. తొలి పరిచయంలో జిగట అని చెప్పి, తరువాత స్నిగ్ధత అని స్థిరపరచడం ఆచరణీయం.

ద్రవం, ప్రవాహి అనే జంట ఇంకా జాగ్రత్త కోరుతుంది. ప్రవహించే స్వభావమున్న ద్రవాలు, వాయువులు రెండూ ప్రవాహులే. పనిశాలలో ఫ్లూయిడ్ అంటే బ్రేకు నూనె వంటి ద్రవం మాత్రమే. అనువాదకుడు కూడా అదే అలవాటుతో ప్రవాహి అనవలసినచోట ద్రవమని రాస్తే, గాలి ద్రవమన్న వాక్యం తయారవుతుంది. దీనికి తోడు ద్రవ్యం, ద్రవ్యరాశి, ద్రవం, ద్రవీభవనం ఒకే పేజీలో కలిసి వస్తాయి. అక్షరం ఒక్కటి జారితే వాక్యం తలకిందులవుతుంది. ముద్రణలో ‘ద్రవరాశి’ అని పడితే తప్పు పట్టుకోగల విద్యార్థి ఎందరు?

సంస్కృత పరిభాషకు ఒక సౌలభ్యాన్ని ఒప్పుకోవాలి. పీడనం, సంపీడనం, సంపీడ్యత, పీడనమాపకం అని ఒక కుటుంబం ఏర్పడుతుంది. ఒత్తిడినుంచి అంత తేలికగా పిల్లమాటలు పుట్టవు. కనుక పీడనాన్ని తొలగించాలన్న వాదం నిలవదు. దాని పక్కన నొక్కు, తోయు, ఒత్తు, కుదించు అనే క్రియలు ఉండాలన్నదే ఇక్కడి వాదం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశాన్ని ప్రారంభించి, 1971లో చేనేత పదాలను వెలువరించింది. పనివారి నోటినుంచి పదాన్ని సేకరించే ఆ పద్ధతి మోటారు షెడ్డుకు, వెల్డింగు దుకాణానికి, ఏ.సీ. మరమ్మతు కేంద్రానికి విస్తరించవలసి ఉంది. ఆ సేకరణలో నామవాచకాలతో పాటు క్రియలు, వాక్యాలు కూడా చేరాలి.

సున్నా దగ్గర

టైరులో గాలి పోయింది. గేజి సున్నా చూపుతోంది. ‘టైరులో గాలి లేదు’ అనేది సహజమైన తెలుగు వాక్యం. శాస్త్రం ప్రకారం అబద్ధం. లోపల బయటి వాతావరణమంత పీడనంలో గాలి ఉంది. గేజి చూపేది వాతావరణం కన్నా ఎంత ఎక్కువ అన్నదే. రక్తపోటు 120 అన్నా వాతావరణపు 760 మీద 120 అనే లెక్క. గేజి పీడనం, పరమ పీడనం అనే ఈ భేదాన్ని ఒక సమీకరణంగా ఇచ్చి ముందుకు సాగిపోయే పాఠంలో, బాయిల్ నియమం లెక్కలు తప్పడం సహజం. గేజి 1 బార్ నుంచి 2 బార్‌కు చేరితే వాయువు ఘనపరిమాణం సగమవుతుందని శిక్షణార్థి రాస్తాడు. పరమ పీడనం సుమారు 2 నుంచి 3 బార్‌కు పెరిగింది కాబట్టి, ఉష్ణోగ్రత మారకపోతే, ఘనపరిమాణం మూడింట రెండు వంతులవుతుంది.

దుకాణంలో ‘ముప్పై కొట్టు’ అంటారు. ప్రమాణం చెప్పరు, అది 30 పి.ఎస్.ఐ., అంటే సుమారు 2.1 బార్. మరొకచోట గేజిని చూసి ‘రెండు కిలోలు’ అంటారు. చదరపు సెంటీమీటరుకు అన్న మాట మాయమై, పీడనం బరువుగా మారిపోతుంది. ఏకాంక వైశాల్యం అనే మాటను నిర్వచనంలో వందసార్లు చదివినవాడు కూడా గేజి ముందు దాన్ని మరిచిపోతాడు, ఎందుకంటే ఆ మాట అతడికి ఎప్పుడూ ఒక స్థలంగా కనబడలేదు. కంప్రెసర్ ట్యాంకుకు 30 సెంటీమీటర్ల వ్యాసమున్న మూత ఉందనుకుంటే, దాని వైశాల్యం సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. గేజి 7 కిలోలు చూపుతుంటే ఆ మూతను లోపలి గాలి దాదాపు 5 టన్నుల బరువుతో సమానమైన బలంతో బయటికి తోస్తోంది. ఈ ఒక్క వాక్యంలో కర్త ఉంది, క్రియ ఉంది, వైశాల్యం కంటికి కనబడుతోంది. బోల్టు విప్పేముందు గాలి పూర్తిగా వదలాలన్న హెచ్చరిక గోడమీద రాసి ఉంటుంది. ఎందుకన్నది మాత్రం పుస్తకం చెప్పవలసిన మాట.