బసవపురాణంలో పరాయివాళ్లు

పాల్కురికి సోమనాథుని బసవపురాణం గురించి మన సాహిత్య చరిత్రలు చెప్పే మాటలు నాలుగు. జానుతెనుగులో రాశాడు. ద్విపదను గద్దె ఎక్కించాడు. మార్గ కవిత వదిలి దేశి కవిత పట్టాడు. కులభేదాన్ని కాదన్నాడు. ఇవన్నీ నిజాలే. బి.కాం. చదివే రోజుల్లో రెండో భాష పరీక్షకు ఈ నాలుగు మాటలూ సరిపోయేవి కూడా. కానీ ఆ పుస్తకాన్ని కన్నడదేశంలో, బదిలీల మీద ఊరూరూ తిరుగుతూ చదివేవాడికి అయిదో సంగతి ఒకటి కనిపిస్తుంది. దాని మీద మన విమర్శకుల చూపు అంతగా పడినట్టు లేదు. అదేమంటే, బసవపురాణం ఊరు మారినవాళ్ల పుస్తకం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ముక్కూ మొహం తెలియని నగరంలో చోటు సంపాదించుకున్న మనుషులు అందులో అడుగడుగునా తగులుతారు.

నేనుండేది చిక్కసూగూరు. రాయచూరు దాటి కృష్ణ వైపు వస్తే తగిలే ఊరు. పక్కనే శక్తినగరులో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అందులో మొదటి యూనిట్ 1985లో నడక మొదలుపెట్టింది. నది మీద వంతెన దాటితే తెలంగాణ. 1956 నవంబరు 1కి ముందు ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ ఒకే హైదరాబాదు రాష్ట్రం. 2019లో కర్ణాటక ప్రభుత్వం ఈ ప్రాంతానికి కల్యాణ కర్ణాటక అని పేరు పెట్టింది. అంటే బసవన్న కార్యక్షేత్రమైన కల్యాణ నగరం పేరే ఇప్పుడు మా జిల్లాకూ ఇంటిపేరైంది. కాబట్టి ఈ పుస్తకం మాకు దూరపుది కాదు.

సోమనాథుడు ఎక్కడివాడన్న తగాదా పాతదే. ఓరుగల్లు సీమలోని పాలకుర్తి అని మనవాళ్లంటారు. తుమకూరు జిల్లాలోని హాల్కురికె అని కన్నడ పక్షం. ఆయన కాలం గురించీ రెండు పక్షాలున్నాయి. తీర్పు చెప్పే చదువు నాకు లేదు, చెప్పాలన్న తొందరా లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఆయన పుస్తకం ఎటు ప్రయాణం చేసిందన్నది. బసవన్న 12వ శతాబ్దపు కన్నడ మనిషి. ఆయన వచనాలు కన్నడం. హరిహరుడనే కన్నడకవి ఆయన కథను రగళెగా రాసి ఉన్నాడు కూడా. అయినా 1369లో భీమకవి కన్నడ షట్పదిలో బసవపురాణం రాయబోతూ సోమనాథుని తెలుగు గ్రంథాన్నే ముందు పెట్టుకున్నాడు. తమ ఇంటి మనిషి చరిత్రను పొరుగు భాష నుంచి తెప్పించుకోవడం కన్నడిగులకు చిన్నతనం అనిపించలేదు. పొరుగుభాష మనిషిని నాయకుణ్ణి చేసి తెలుగులో పురాణం రాయడం సోమనాథుడికీ చిన్నతనం అనిపించలేదు. మతం వాళ్లిద్దరికీ భాషల మధ్య వంతెన వేసింది. ఇంతవరకు మురిసిపోవలసిన సంగతే.

ఇక పుస్తకంలోకి వెళదాం. అందులో వచ్చే భక్తుల పేర్లు చూడండి. మడివాలు మాచయ్య బట్టలుతికేవాడు. జేడర దాసయ్య నేతగాడు. మోళిగ మారయ్య కట్టెలు మోసి అమ్ముకునేవాడు. కిన్నర బ్రహ్మయ్యకు ఆయన మీటే వాయిద్యమే గుర్తు. గోత్రం లేదు, తండ్రి పేరు లేదు. పనే ఇంటిపేరు. వీళ్ల మధ్య రెండు పేర్లు నన్ను ప్రత్యేకంగా ఆపాయి. ఒకరు తెలుగు జొమ్మయ్య, వేటగాడు. మరొకరు కన్నడ బ్రహ్మయ్య, దొంగతనం వృత్తిగా ఉన్నవాడు. ఒక మనిషికి భాష ఇంటిపేరు ఎప్పుడవుతుంది? తెలుగుదేశంలో ఎవరినీ తెలుగు సుబ్బయ్య అని పిలవరు. అందరూ తెలుగువాళ్లే అయిన చోట ఆ మాటతో పనిలేదు. వేరే భాషవాళ్ల మధ్య బతికేవాడికే ఆ ముద్ర పడుతుంది. జొమ్మయ్యకు ఆ పేరు పడిందంటే ఆయన ఎవరి మధ్య బతికాడో తెలుస్తూనే ఉంది. కర్ణాటకలో రెండు మూడు తరాలుగా ఉంటున్న మనవాళ్లను అడగండి, ఆ పేరు బరువు ఎంతో చెబుతారు.

ఇక్కడ ఒక బ్యాంకు సంగతి చెప్పాలి. ఇప్పుడు ఆధార్ కార్డుతో ఖాతా తెరుస్తున్నారు గానీ, కొన్నేళ్ల కిందటిదాకా ఖాతా తెరవాలంటే పాత ఖాతాదారు ఒకడు వచ్చి, ఈ మనిషిని నేనెరుగుదును అని సంతకం పెట్టాలి. పరిచయకర్త అనేవాళ్లం. ఊళ్లో పుట్టినవాడికి పదిమంది దొరుకుతారు. పని వెతుక్కుంటూ వచ్చినవాడికి ఒక్కడూ దొరకడు. డబ్బు చేతిలో ఉన్నా ఖాతా ఉండదు. పరాయి ఊళ్లో మనిషికి మొదటి కష్టం ఆకలి కాదు, తనను ఎరుగుదునని చెప్పే మనిషి లేకపోవడం.

సోమనాథుడి కల్యాణంలో ఆ సంతకం పెట్టేది మెడలోని లింగం. లింగం కట్టుకున్నవాడు ఎవరైనా సరే, ఎక్కడివాడైనా సరే, బసవన్న ఇంట్లో వాడికి విస్తరి ఉంది. పూర్వం ఏం చేశావు, ఎవరి కొడుకువు అని అడిగేవాడు లేడు. చరిత్రలో మతం చేసిన పెద్ద పనుల్లో ఇదొకటని నా అభిప్రాయం. ముక్తి సంగతి దేవుడెరుగు, అపరిచితుడికి పరిచయకర్తగా నిలబడింది. వ్యాపారులూ, పనివాళ్లూ, యాత్రికులూ దూరదేశాలు వెళ్లగలిగారంటే, వెళ్లిన చోట తమ గుడో, మఠమో, మసీదో, విహారమో ఉందన్న ధైర్యం అందులో కొంత ఉంది. మా పక్క దేవసూగూరులో సూగూరేశ్వరుడి జాతర జరుగుతుంది. కృష్ణకు రెండు ఒడ్డులవాళ్లూ వస్తారు. రెండు ఒడ్డులా సూగప్పలు, సూగూరమ్మలు ఉన్నారు. బ్యాంకు లెడ్జరులో ఆ పేర్లు చూసి ఎవరి మాతృభాష ఏదో చెప్పడం నా వల్ల కాదు.

బసవపురాణంలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచిన ఘట్టం ఉల్లిగడ్డది. లింగం పక్కన పెట్టి చూసినా నిలబడే కథ. బసవన్న ఒకనాడు ఉల్లిని చీదరించుకుంటాడు. కిన్నర బ్రహ్మయ్యకు అది తనను అన్నట్టే అయింది. తినే తిండిని ఛీ అన్న ఊళ్లో ఉండటమేమిటని కల్యాణం విడిచి వెళ్లిపోతాడు. బసవన్న ఏం చేయాలి? పెద్ద మంత్రి. ఒక వాయిద్యగాడు పోతే పోయాడనుకోవచ్చు. ఇక మీదట ఉల్లి మానేసి రా అని కబురు పెట్టవచ్చు. రెండూ చేయలేదు. ఉల్లికే ఉత్సవం చేశాడు, ఊరేగించాడు, మహాప్రసాదమని నెత్తిన పెట్టుకున్నాడు. అలిగినవాణ్ణి మేళతాళాలతో వెనక్కి తెచ్చుకున్నాడు.

ఈ కథను భక్తి పారవశ్యానికి ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. నాకు అది చాలదు. వచ్చినవాడు మారాలా, ఉన్నవాడు మారాలా అన్నది వలసలన్నిటిలోనూ ఉండే ప్రశ్న. లోకం ఎప్పుడూ వచ్చినవాడే మారాలంటుంది. అద్దె ఇంటికి వెళితే మొదట అడిగేది జీతం కాదు, ఏం తింటారని. మీరు నాన్‌వెజ్జా అన్న ప్రశ్న వెనక ఇంకెన్ని ప్రశ్నలున్నాయో బదిలీల మీద తిరిగిన ఉద్యోగులందరికీ తెలుసు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి తెలుగు కవి, మారవలసింది ఇంటివాడు అని కథ కట్టాడు. వాసన ఉల్లిలో లేదు, ముక్కు మూసుకున్నవాడి మనసులో ఉందని చూపించాడు. దాని మీద ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు, ఉల్లిగడ్డలను ఊరేగించాడంతే. సోమనాథుడి కళ ఇక్కడ పతాకస్థాయిలో ఉంది.

మోళిగ మారయ్య కథ కూడా ఈ కోవలోదే. తరవాతి కన్నడ సంప్రదాయం ఆయన్ని కాశ్మీరం నుంచి రాజ్యం వదిలి వచ్చినవాడిగా చెబుతుంది. ఆయన పేదరికం చూడలేక బసవన్న ఆయన లేని సమయంలో ధనం ఇంట్లో వదిలి వెళితే, మారయ్య దాన్ని ఉంచుకోడు. కట్టెల మోపుతో వచ్చేదే ఆయనకు కావాలి. ఊరిపెద్ద దయ మీద బతికితే రేపు ఆ ఊళ్లో తన మాట చెల్లదని ఆయనకు తెలుసు. ఇంతకంటె వివరం అవసరం లేదు.

అయితే ఇక్కడితో ఆపితే అది విమర్శ కాదు, భజన అవుతుంది. పరిచయకర్త సంతకం పెట్టినవాడు లోపలికి వచ్చాడు సరే, సంతకం లేనివాడి మాటేమిటి? బసవపురాణంలో లింగం లేనివాడు భవి. భవితో పొత్తు లేదు, పంక్తి లేదు. చాకలికీ, చర్మకారుడికీ తలుపు బార్లా తీసిన ఆ ఇల్లే జైనుడి మొహాన తలుపు వేసింది. వేసి ఊరుకుంటే బాగుండేది. ఏకాంత రామయ్య కథలో తల కోసుకుని తిరిగి బతికే పందెం గెలవడం, జినాలయం కూల్చడం గొప్ప విజయంగా వస్తాయి. ఇది కవి కల్పించిన కథ అని తప్పించుకోవడానికీ లేదు. అబ్బలూరు శాసనం ఈ సంగతిని రాతి మీద చెబుతోంది. జైనులను గురించి రాసేటప్పుడు సోమనాథుడికి ఆ ఉల్లిగడ్డ గుర్తుకు రాదు. వాళ్ల ఆచారం, వాళ్ల ఉపవాసం, వాళ్ల దిగంబరత్వం ఆయనకు ఎగతాళి. బిజ్జలుడి హత్య కూడా అంతే, పుణ్యకార్యంగా నడిచిపోతుంది. ఆ తరవాత కల్యాణంలో చేరినవాళ్లంతా మళ్లీ చెల్లాచెదురై పోవలసి వచ్చింది. చెన్నబసవన్న ఉళవి అడవుల దారి పట్టాడని కన్నడ సంప్రదాయం. ఆశ్రయమిచ్చిన ఊరే శరణార్థులను తయారుచేసింది.

జైనులు మనకు పరాయివాళ్లా? కొప్పళానికి వెళ్లి చూడండి. 1997 దాకా అది మా రాయచూరు జిల్లాలోదే. కొపణమన్న పేరుతో జైనులకు మహాతీర్థం. అక్కడి గవిమఠం వీరశైవులది. ఆ కొండమీదే అశోకుడి ధర్మలిపి ఉంది. ఒక్క చోట మూడు మతాల అడుగులు పడ్డాయి. ఇంకొకటి. కన్నడ ఆదికవి పంపడి పూర్వులు వేంగి సీమవాళ్లు, అక్కడ నుంచి కదిలినవాళ్లు. ఆయన తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో కరీంనగర్ ప్రాంతపు కుర్క్యాలలో వేయించిన శాసనంలో సంస్కృతంతో, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. తెలుగు కందానికి దొరికిన తొలి సాక్ష్యాలు అవి. ఆ పద్యాలు ఒక జైన కుటుంబం మన చేతిలో పెట్టినవి. సోమనాథుడు జైనులను తిట్టింది కూడా ఆ తెలుగులోనే.

ఈ లోపాన్ని ఆ కాలానికి వదిలేసి చేతులు దులుపుకోవచ్చు. చాలామంది అదే చేశారు. నాకు మాత్రం మన సంగతి గుర్తుకొస్తుంది. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక కోస్తా జిల్లాల రైతులు సింధనూరు, మాన్వి, గంగావతి వైపు వచ్చారు. అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ ఎన్నో ఎకరాలు కొన్నారు. నల్లరేగడి చదును చేసి వరి పండించారు. క్యాంపులు వెలిశాయి, క్యాంపు క్యాంపుకూ రామాలయం వెలిసింది. ఆ రామాలయం వాళ్లకు బసవన్న లింగం చేసిన పనే చేసింది. పెళ్లి సంబంధానికీ, చేబదులుకూ, తగువు తీర్పుకూ అదే పరిచయకర్త. దాన్ని నేను తప్పు పట్టను.

తప్పు పట్టేది మన కథలను. మన వలసల మీద నేను చదివిన కథల్లో తుమ్మ చెట్లు కొట్టి బంగారం పండించిన రైతు ఉంటాడు. ఆయన పట్టుదల ఉంటుంది, సంక్రాంతి ముగ్గులుంటాయి, శ్రీరామనవమి పానకం ఉంటుంది. ఆ భూమి అమ్మిన కన్నడ రైతు ఉండడు. రిజిస్ట్రారు ఆఫీసు కాగితంలోనైనా అమ్మినవాడికి పేరు, తండ్రి పేరు ఉంటాయి. మన కథల్లో అవీ లేవు. నాట్లకు వచ్చే చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు గుంపుగా వస్తారు, గుంపుగా పోతారు. సోమనాథుడు కట్టెలమ్మేవాడికి పేరు పెట్టి, ఇల్లు చూపించి, ఆత్మగౌరవం ఇచ్చి కథానాయకుణ్ణి చేశాడు. భవి దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. మనం ఆయన తెరిచిన కన్ను వదిలేసి మూసుకున్న కన్నును వారసత్వంగా తెచ్చుకున్నాం.

సింధనూరు దగ్గర ఇంకో రకం క్యాంపులు కూడా ఉన్నాయి. తూర్పు పాకిస్తాను విడిచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ప్రభుత్వం కట్టించినవి. మతం కారణంగా నేల వదిలినవాళ్లు, కాళీమాతను వెంట తెచ్చుకున్నవాళ్లు. మన క్యాంపులకు ఇరుగుపొరుగు. ఆ కాలువ నీళ్లే వాళ్లూ పెట్టుకున్నారు. నేను చదివిన తెలుగు కథల్లో ఆ క్యాంపుల నుంచి ఒక్క మనిషి కూడా మన రామాలయం అరుగు దాకా నడిచి రాలేదు.