తిరుగుడు పీపా – పెరటి ఎరువు

పెరటి చెత్తను ఎరువుగా మార్చుటకు ఇరుసుపై తిరుగు పీపాలు నేడు అమ్మకమునకు వచ్చినవి. పీపాను త్రిప్పినచో ఎరువు త్వరగా తయారగునని అమ్మువారి మాట. ఇందు సగము నిజము కలదు. చెత్తను కుళ్ళబెట్టు సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావలెను. త్రిప్పుట వలన అది అందును. ఎలుకల బెడదయు తగ్గును.

కాని వేడి సంగతి మరువరాదు. కుప్ప 55 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కి, కొన్ని దినములు అట్లే నిలిచినగాని రోగక్రిములు, కలుపు విత్తనములు చావవు. అందుకు సుమారు ఒక ఘనమీటరు చెత్త కావలెను. 200 లీటర్ల పీపా నిండినను అందులో అయిదవ వంతే. పలుచని గోడల గుండా వేడి జారిపోవును.

చిత్తూరు జిల్లా గుడుపల్లె మెట్టప్రాంతము. పట్టుపురుగులను పెంచు ఇంట మల్బరీ పుల్లలు, పురుగుల రెట్టలు పీపాకు పట్టవు. ఈ ప్రాంతమునకు చేరువనున్న బెంగుళూరులో 1939లో ఆచార్య రూపొందించిన పద్ధతియే ఇచటికి తగినది. గోతిని పొరలుగా నింపి, తడిపి, మట్టితో మెత్తి విడిచిన చాలును. త్రిప్పనక్కరలేదు, నీటి ఖర్చు స్వల్పము. ఆరు నుండి ఎనిమిది నెలలు ఓపిక పట్టవలెను, అదియే లోపము.

పట్టణపు మిద్దెపై వంటింటి చెత్తకు పీపా ఉపయోగమే. గుడుపల్లె రైతు మాత్రము ఆ సొమ్ముతో గోయి త్రవ్వించుకొనుట మేలు. ఎరువు చేయునది పీపా కాదు, సూక్ష్మజీవులే గదా!