కంటికి కనబడని ఎరుపు

బట్టమీద కలంతో బొమ్మలు గీసే శ్రీకాళహస్తి కలంకారీలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఎరుపు. ఎర్రగా కనబడాల్సిన చోట చిత్రకారుడు ఎర్రరంగు వేయడు, పటిక నీళ్లు పూస్తాడు. ఆ నీళ్లకు తమదంటూ రంగు లేదు. బట్ట ఆరాక పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠతో మరిగిస్తే పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. అంటే కలం కదిలేటప్పుడు బొమ్మ పూర్తిరూపం చిత్రకారుడి మనసులోనే ఉండాలి. చెయ్యి పొరపాటు పడితే ఆ సంగతి బయటపడేది కాగులోంచి బట్ట తీశాకే.

కాళహస్తి కలంకారీ చిత్రకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి గొప్పతనం తెలియాలంటే ముందు ఈ పని తెలియాలి. ఆయన తండ్రి లక్ష్మయ్య గారు, ఈ విద్య దాదాపు అడుగంటిన రోజుల్లో దాన్ని చేతిలో నిలుపుకున్న కొద్దిమందిలో ఒకరు. 1950ల చివర్లో, చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసింది, పని మళ్లీ ఊపందుకుంది. గురప్పశెట్టి తండ్రి దగ్గర నేర్చుకున్నారు, కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు, ఆపై కలానికే అంకితమయ్యారు. 2008లో పద్మశ్రీ అందుకున్నారు. బిరుదులకన్నా నాకు పెద్దగా తోచేది, ఆయన ఈ పనిని పదిమందికి నేర్పడం, కాగితం మీద కూడా పెట్టడం. తండ్రి కొడుక్కి చెప్పుకునే పాళ్లు అక్షరంలోకి రావడం చిన్న విషయం కాదు.

ఆ పాళ్లలోనే ఉంది అసలు విద్య. గంజి పోయేలా ఉతికిన ముతక నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు గీతను చెదరనివ్వదు. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. చింతబరికెలను కాల్చిన బొగ్గుతో ముందు రూపురేఖలు గీస్తారు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలను, తాటిబెల్లాన్ని నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఆ ద్రవమే కసిమి. చూడటానికి పలచటి గోధుమరంగు నీళ్లలా ఉంటుంది. కరక్కాయ పట్టిన బట్టను తాకాక క్రమంగా నల్లబడుతుంది.

కలమంటే సన్నని వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్నిని కసిమిలో ముంచి, గీసేటప్పుడు వేళ్లతో మెల్లగా నొక్కుతుంటే ద్రవం మొనకు జారుతుంది. రాముడి కనురెప్ప దగ్గర ఆ నొక్కుడు ఒక్క పిసరు ఎక్కువైతే చుక్క ఉబ్బుతుంది, చూపే మారిపోతుంది. చెరపడానికి వీల్లేదు.

ఎరుపు వచ్చాక, పట్టకూడని చోట పట్టిన రంగు పోవడానికి బట్టను పేడనీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేస్తారు. మళ్లీ పాలు పట్టిస్తారు. ఆ తర్వాత పసుపు, నీలిమందు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ప్రతి మెట్టులోనూ ఉతుకుడు ఉంటుంది కాబట్టి కాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి ఏటిలో నీళ్లుంటేనే ఈ పని సాగేది. ఏరు ఎండితే అద్దకమూ ఆగాల్సిందే.

ఇంత శ్రమా దేనికంటే కథ చెప్పడానికి. పెద్ద తెరల మధ్యలో పట్టాభిషేకమో మరో ముఖ్య ఘట్టమో నిలుస్తుంది. చుట్టూ వరుసల్లో మిగతా కథ నడుస్తుంది, బొమ్మల పైన తెలుగులో పద్యమో వాక్యమో ఉంటుంది. అందుకే పురాణం క్షుణ్ణంగా తెలియని వాడు ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఇక్కడ సగం పనివాడే అని నా నమ్మకం. కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతో అద్దే కలంకారీకి దాని అందం దానికుంది. కానీ ఈ రెండూ ఒకటి కావు.

ఇప్పుడు యంత్రంతో అచ్చేసిన చీరలూ కలంకారీ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. కొనేముందు బట్టను తిప్పి చూడండి, రంగు వెనక్కి దిగిందో లేదో గమనించండి. ఒకే పువ్వు చెరగు పొడవునా పిసరు తేడా లేకుండా వస్తుంటే అది కలం పని కాదు. చేతిపని ధర ఎక్కువే. కొనగలిగినవారు బేరమాడకుండా, వీలైతే గీసినవారి దగ్గరే కొనండి.