వినే చెవి ఖరీదు

ఇంట్లోనే కడుపులోని బిడ్డ గుండె చప్పుడు వినవచ్చునంటూ చేతిలో ఇమిడే డాప్లర్ పరికరాలను అమ్మజూపే ఆన్‌లైన్ ప్రకటనలు ఈ వారం ఈ కాలమ్‌కు చిరాకు తెప్పించాయంటే, అందుకు కారణం వాటి ధర కాదు. శబ్ద తరంగాలను లోపలికి పంపి, ప్రవహించే రక్తాన్ని తాకి వచ్చే మార్పును చప్పుడుగా వినిపించే ఆ పరికరం తల్లి నాడినీ, మాయలోని రక్తప్రవాహాన్నీ కూడా అంతే ధీమాగా వినిపిస్తుంది; శిక్షణ లేని చెవి దానినే బిడ్డ గుండెగా పొరబడితే, కదలికలు తగ్గిన రోజున ఆసుపత్రికి పరుగెత్తవలసిన గర్భిణి నిశ్చింతగా ఇంట్లోనే ఉండిపోతుంది. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో రోజంతా సర్వర్ల ఆరోగ్యాన్ని తెర మీద చూసే ఉద్యోగినికి బిడ్డ విషయంలోనూ అలాంటి తెర ఒకటి ఉంటే బాగుండుననిపించడం సహజమే.

యంత్రం వచ్చిన చోట మనిషి కుర్చీ ఖాళీ అవుతుందన్న ఈ కాలమ్ సణుగుడు పాఠకులకు పాతదే. కాన్పు గదిలో ఆ సణుగుడుకు ఆధారాలు కూడా దొరుకుతాయి. తల్లి పొట్టకు రెండు బెల్టులు కట్టి, బిడ్డ గుండె వేగాన్నీ నొప్పుల రాకపోకలనూ కాగితం మీద గీతలుగా ఎడతెగకుండా నమోదు చేసే సీటీజీ, అంటే కార్డియోటోకోగ్రఫీ, గురించి 37,000 మందికి పైగా స్త్రీలు పాల్గొన్న 13 ప్రయోగాలను కాక్రేన్ సమీక్ష 2017లో మరోసారి కలిపి చూసినప్పుడు, నవజాత శిశువుల్లో మూర్ఛలు సగానికి తగ్గినట్టు తేలింది గానీ, శిశుమరణాలు గానీ సెరిబ్రల్ పాల్సీ గానీ తగ్గినట్టు తేలలేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి. ఆరోగ్యంగా ఉండి, నొప్పులు వాటంతట అవే మొదలైన స్త్రీకి నిరంతర సీటీజీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం, సిజేరియన్లే. ఈ పాపమంతా బెల్టులకే అంటగట్టడం న్యాయం కాదు. పురోహితుడు పెట్టిన ముహూర్తానికి కోత కోయించుకునే ఊరిలో గీతల కాగితం వాటా ఎంతో తేల్చడం కష్టం.

నిరంతర సీటీజీకి ప్రత్యామ్నాయం హైదరాబాదులోనే వేళ్లూనింది. ప్రమాద సూచనలు లేని గర్భాన్ని మిడ్‌వైఫ్ మొదటి నుంచీ చూసుకుంటూ, అవసరమైనప్పుడే వైద్యులకు అప్పగించే పద్ధతి కోసం ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో శిక్షణ ప్రారంభించింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల కోర్సు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఈ పద్ధతిలో మిడ్‌వైఫ్ చేతి డాప్లర్‌తో గానీ, ఫ్రెంచి వైద్యుడు అడాల్ఫ్ పినార్డ్ 1895లో రూపొందించిన బాకా వంటి గొట్టంతో గానీ, నొప్పులు ఊపందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకొకసారి, బిడ్డ బయటికి వచ్చే దశలో 5 నిమిషాలకొకసారి, కనీసం ఒక నిమిషం పాటు వింటుంది. నొప్పి వస్తున్నప్పుడు మొదలుపెట్టి, అది తగ్గాక కూడా అర నిమిషం చెవి తీయదు. తల్లి ఆ మధ్యలో నడవవచ్చు, కూర్చోవచ్చు.

ఇంతవరకు చదివినవారికి తీర్పు గొట్టం వైపే వస్తుందనిపించవచ్చు. అయితే ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూసి 1985లో వెలువడిన ప్రసిద్ధ డబ్లిన్ ప్రయోగంలో పాల్గొన్న 200 మంది తల్లులను కాన్పు తరువాత అడిగినప్పుడు, యంత్రమా గొట్టమా అన్నదాని కంటే సిబ్బంది ఇచ్చిన ఆసరాయే వారికి ముఖ్యమని తేలింది. యంత్రం పెట్టినవారిని కాసేపు ఒంటరిగా వదిలేయడం మాత్రం ఎక్కువగా కనిపించింది. ఒకసారి బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ యంత్రపు చప్పుడే ధైర్యం కావచ్చు కూడా. కనుక దోషం బెల్టులో కంటే డ్యూటీ పట్టికలో వెతకడం మేలు. గొట్టం చవకే గానీ, దానిని పట్టుకుని పక్కనే ఉండే మనిషి జీతం చవక కాదు. సీటీజీ ఖరీదైనదే గానీ, నలుగురి గీతలను ఒకే తెర మీదికి తెచ్చి ఒక్క నర్సుతో సరిపెట్టుకునే వీలు యాజమాన్యానికి కల్పిస్తుంది.

ప్రాజెక్టుకు ఎందరు మనుషులు కావాలో పూట పూటా లెక్కవేసే సైబరాబాద్ ఉద్యోగినులు, కాన్పు ప్యాకేజీ కాగితంలో గది రకాన్నీ ఫొటోషూట్‌నూ చదివి సంతకం పెట్టేముందు, రాత్రి షిఫ్టులో ఒక మిడ్‌వైఫ్‌కు నొప్పులు పడుతున్న తల్లులు ఎందరు ఉంటారో అడిగి, ఆ అంకెను కూడా అందులోనే రాయించుకోవచ్చు.