చదరంగపు మాటలు: శకటు, ఒంటె, మంత్రి

చదరంగము పలకను దాటి తెలుగువారి మాటలోనికి వచ్చి చాలకాలమైనది. "ఎత్తుకు పైయెత్తు" అనువానికి ఆట వచ్చియుండ నక్కరలేదు. ఒకని "ఆట కట్టించు"టకు పావులతో పనిలేదు. ఎన్నికల కాలమున వార్తాపత్రికలలో నాయకులు "పావులు కదుపు"చునే యుందురు. ఇంత వాడుకలోనున్న మాటల పుట్టుకను గూర్చి వినవచ్చు వివరణములలో మాత్రము కొన్ని ఊహలు, కొన్ని తొందరపాటులు. వానిని జల్లెడ పట్టవలసియున్నది.

మొదటి ఊహ ఆట పేరును గూర్చినదే. పలకపై 64 చదరములుండుటచే చదరంగమను పేరు వచ్చినదని పలువురి నమ్మకము. ఈ నమ్మకము సహజమే కాని సరికాదు. చదరమునకు మూలము చతురస్రము. చదరంగమునకు మూలము చతురంగము. మొదటిది నాలుగంచులను చెప్పును, రెండవది రథ గజ తురగ పదాతులను నాలుగు సేనాంగములను చెప్పును. 7వ శతాబ్దివాడైన బాణుడు హర్షచరితమున చతురంగమును, అష్టాపదమును శ్లేషలో ప్రయోగించినాడు. అష్టాపదమనగా వరుసకు ఎనిమిదేసి గళ్ళుగల పలక. కాగా పలక పేరు వేరు, సేన పేరు వేరు. ఆటకు నిలిచినది సేన పేరు.

ఇక పావుల పేర్లు. తెలుగు పలకపై రాజు ప్రక్కన మంత్రి. మూలల ఏనుగులు, వాని ప్రక్క గుర్రములు, ఆపైన శకటులు, ముందు వరుసలో బంట్లు. శకటమనగా బండి. చతురంగములోని రథమే ఈ రూపమున నిలిచినదనుట యుక్తము. హిందీ, మరాఠీ ఆటగాండ్రు ఈ పావును ఊంట్ అందురు. కన్నడమున అది ఒంటె. తెలుగువారిలోను ఒంటె యనువారు లేకపోలేదు. ఒంటె చతురంగ బలములలోనిది కాదు కనుక అది తరువాత వచ్చి చేరినదే. ఇంతమాత్రముచే ఆది చతురంగము యథాతథముగా తెలుగుననే నిలిచినదని చాటుట తొందరపాటగును. పారసీకుల పలకపై మూలనున్నది "రుఖ్", అనగా రథము. ఏనుగు, అనగా "పీల్", రాజుకు చేరువ. వంగదేశమున నేటికిని రాజుకు చేరువనున్నది గజమే, మూలనున్నది నౌక. తెలుగున ఈ రెండును తారుమారు. అయితే ఈ తారుమారు కూడ నిన్నటిది కాదు. 9వ శతాబ్దిలో అరబ్బీ ఆటగాడు అల్ అద్లీ భారతీయుల ఆటను వర్ణించుచు ఏనుగులు మూలల నుండునని వ్రాసెను. ఆ ఆటకును తెలుగు ఆటకును నేరుగా బాంధవ్యము కట్టుటకు ఇది చాలదు. మూలన ఏనుగును నిలుపు పద్ధతి ఈ దేశమున ప్రాచీనమని చెప్పుటకు మాత్రము చాలును.

ఏనుగు ప్రయాణము వింతయైనది. పారసీకుల పీల్ అరబ్బీలో పకారము లేనందున ఫీల్ అయ్యెను. స్పానిషున ఆల్ఫిల్ అయ్యెను. ఫ్రెంచివారి నోట అది క్రమముగా "ఫూ" అయినది. ఫూ అనగా వెఱ్ఱివాడు, విదూషకుడు. 1954 వఱకు ఫ్రెంచి పాలనలోనుండిన యానాంలో ఫ్రెంచి నేర్చినవానికి మన శకటు, ఆ భాషలో, వెఱ్ఱివాడు! ధ్వని మాఱగా అర్థము దారి తప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

మంత్రి విషయమున చిక్కు మఱింత దగ్గఱిది. పారసీకుల "ఫర్జీన్" సలహాదారు. మంత్రి యన్నను అదే భావము. ఐరోపాలో ఈ పావు రాణి అయ్యెను. బలము పెరిగినందున రాణి యయ్యెనని సాధారణముగా చెప్పుదురు. ఇది తలక్రిందుల వాదము. 10వ శతాబ్ది చివరనాటి ఒక లాటిను పద్యముననే ఆమె రాణి; నేటి బలము ఆమెకు వచ్చినది 15వ శతాబ్ది చివర. పేరు ముందు, బలము వెనుక. తమిళమున ఈ పావు రాణి కాగా, మంత్రి యను పేరు మన శకటుకు చెల్లినది. తమిళనాట స్థిరపడిన తెలుగింట తాత "మంత్రి పోయె"నని తల పట్టుకొనును. వీధిలో ఆడి వచ్చిన మనుమనికి అది ఒక శకటు పోయినంత నష్టమే. ఒకే మాట రెండు విలువలను మోయుచున్నపుడు ఇంటి మాటయే ముందు జారిపోవును. అది పోయినదని గుర్తించువారు కూడ ఉండరు.

"షా మాత్" అను పారసీక పదబంధమునకు "రాజు చచ్చె"నని అర్థము చెప్పుట ప్రసిద్ధము. అరబ్బీలో మాత అనగా చనిపోయెను కనుక ఈ వివరణము పుట్టినది. పారసీకమున మాత్ అనగా దిక్కుతోచనివాడు, నిస్సహాయుడు. ఆట స్వభావమునకు ఇదియే తగును. చదరంగమున రాజును చంపుట లేదు, కదలిక లేకుండ చేయుటయే కలదు. మన "ఆటకట్టు"లో చావు ప్రసక్తియే లేదు, కట్టు మాత్రమే కలదు. ఈ మాటను కూర్చినవారెవరో కాని ఆటను బాగుగా ఎఱిగినవారు.

ఐరోపా ఆటగాండ్ర చమత్కారపు మాటలు మఱొక తీరువి. చేతగాని ఆటగాడు వారికి "చేప", లేదా "కొయ్యను నెట్టువాడు". ప్రక్కన చేరి అడుగని సలహాల నిచ్చువాడు "కిబిట్జర్". ఈ పేరు జర్మను భాషలో ఒక పక్షి పేరునుండి వచ్చినది. అవి మనిషిని గేలిచేయు మాటలు. తెలుగున వ్యాపించినవి పనిని చెప్పు మాటలు. 2002లో గ్రాండ్ మాస్టరైన కోనేరు హంపి 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచినది. అట్టి ఆటలను గూర్చి వ్రాయునపుడు తెలుగు పత్రికలు ఇన్ని "ఎత్తుల"లో గెలుపనియే లెక్క చెప్పును.

బడులలో పిల్లలు నేడు బిషప్, రూక్ అనియే నేర్చుచున్నారు. తెలుగున నేర్పదలచినవారిలో కొందఱు మంత్రిని తీసి రాణిని పెట్టుచున్నారు. ఇది తప్పు కాదు కాని అనాలోచితము. ఎత్తులను వ్రాసికొనుటకు పావు మొదటి అక్షరమే గుర్తు. ఇంగ్లీషున రాజుకును గుర్రమునకును ఒకే అక్షరము రాగా, గుర్రమునకు రెండవ అక్షరము నీయవలసివచ్చెను. తెలుగున రా, మం, ఏ, శ, గు అని వ్రాసిన ఏ చిక్కును లేదు. రాణిని తెచ్చిన మఱుక్షణమే రాజును, రాణియు "రా" యను ఒకే గుర్తుకై పోరాడుదురు.